పక్షులను చదివిన పండితుడు: డాక్టర్ సలీం అలీ

గ్రీష్మతాపం తగ్గి, నైరుతి మేఘాలు రెండు మూడు మార్లు నల్లరేగడిని తడిపిన తరువాత మన గుంటూరు, ప్రకాశం మైదానాల రూపమే మారిపోతుంది. నెర్రెలు విచ్చిన నేల కూడుకుంటుంది. ప్రత్తి మొలకలెత్తుతుంది. మిరప నారుమళ్ళు పచ్చబడతాయి. సరిగ్గా ఆ దినాలలోనే కాలువగట్ల మీది తాటిమట్టల కొనలకు పచ్చిపోచలు వ్రేలాడడం మొదలవుతుంది. అవి గిజిగాని గూళ్ళు.

గత భాద్రపదంలో మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని అటువంటి ఒక తాటిచెట్టు క్రింద నిలిచాము. ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకడు అది బయా అన్నాడు. తెలుగు విభాగపు విద్యార్థిని కాదు, గిజిగాడు అన్నది. ఇరువురూ కొంతసేపు వాదించుకొని, రెండు పేర్లూ ఒకే పిట్టవని తెలిసి నవ్వుకున్నారు. అంతలో మరొక విద్యార్థి వేసిన ప్రశ్న మమ్మల్ని ఆలోచింపజేసింది. చెట్టుకు ఇరవైకి పైగా గూళ్ళున్నాయి. వాటిలో కొన్ని పూర్తి అయినవి. కొన్ని సగంలో, తలక్రిందులుగా వ్రేలాడదీసిన టోపీల వలె ఆగిపోయినవి. ఇంత నేర్పుగా మొదలుపెట్టిన పనిని ఆ పిట్ట మధ్యలో ఎందుకు విడిచిపెట్టింది? బద్ధకమా, భయమా?

బద్ధకమూ కాదు, భయమూ కాదు. ఈ ప్రశ్నకు సరియైన సమాధానాన్ని లోకానికి చెప్పినవాడు 1930లో ఉద్యోగం పోగొట్టుకొని, చేతిలో విశ్వవిద్యాలయ పట్టా లేకుండా, ఒక సముద్రతీర గ్రామంలో కూర్చున్న ముప్పది మూడేళ్ళ నిరుద్యోగి. ఆయనే అనంతరకాలంలో భారతదేశపు పక్షిశాస్త్రానికి పర్యాయపదంగా మారిన డాక్టర్ సలీం అలీ. ఆ మహనీయుని జీవితాన్ని మన విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసపు ఉద్దేశ్యం.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయి నగరంలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రుల సంతానంలో కడగొట్టువాడు. ఏడాది వయస్సులో తండ్రి మొయిజుద్దీన్‌ను, మూడేళ్ళ ప్రాయంలో తల్లి జీనతున్నీసాను కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం సంతానం లేనివారు. వారే ఈ పిల్లలను చేరదీసి ఖేత్వాడీలోని తమ ఇంట పెంచారు. ఇల్లు నిండా పిల్లలు, సెలవులలో వేట, తోటలలో తిరుగుడు, ఇదీ ఆ బాల్యం. ఆనాటి సంపన్న కుటుంబాలలో వేట ఒక మర్యాదగా చెల్లుబాటయ్యేది. బాలుని చేతికి కూడా మేనమామ ఒక చిన్న గాలితుపాకిని ఇచ్చారు. దానితో పిచ్చుకలను కొట్టడం అతనికి నిత్యకృత్యం.

పదేళ్ళ ప్రాయంలో ఒకనాడు కొట్టిన పిచ్చుక మిగిలిన వాటిలా లేదు. దాని గొంతు క్రింద ఎవరో పసుపు అద్దినట్లు ఒక మచ్చ ఉన్నది. హలాల్ చేసి తినదగిన పిట్ట అవునో కాదో ఆ బాలునికి తోచలేదు. మేనమామకు చూపించాడు. ఆయన వేటలో అనుభవం గలవాడే అయినా ఆ పిట్ట పేరు చెప్పలేకపోయారు. తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ పేర ఒక ఉత్తరం వ్రాసి బాలుని పంపించారు. కాగితపు పొట్లంలో చచ్చిన పిచ్చుకను పట్టుకొని, తెల్లదొర ఎదుట ఏమి మాట్లాడాలో తెలియక, గుమ్మం వద్ద తటపటాయించిన ఆ పిల్లవానిని మిల్లార్డ్ ఆదరంగా లోపలికి పిలిచారు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పడమే కాక, భద్రపరచిన వందలాది పక్షుల చర్మాలున్న సొరుగులను ఒక్కొక్కటిగా తెరిచి చూపించారు. చదువుకొమ్మని పుస్తకాలిచ్చారు. ఆ ఒక్క ఘడియ అతని జీవితమార్గాన్ని నిర్ణయించింది. తనకు తెలియదని మేనమామ ఒప్పుకొనకపోయినా, పిల్లవాడు కదా అని మిల్లార్డ్ తలుపు దగ్గరే సాగనంపినా, మనకు ఈ శాస్త్రజ్ఞుడు లభించేవాడు కాడేమో!

పాఠశాల చదువులో సలీం అలీ మేటి విద్యార్థి కాదు. 1913లో మెట్రిక్యులేషన్ పరీక్షను చావు తప్పి కన్ను లొట్టపోయినట్లుగా గట్టెక్కారు. సెయింట్ జేవియర్ కళాశాలలో చేరితే లెక్కల శాస్త్రం, అందునా లాగరిథమ్స్, అడ్డు తగిలాయి. చదువు విడిచి బర్మాలోని టవాయ్ ప్రాంతానికి వెళ్ళి, కుటుంబానికి చెందిన గనులు, కలప వ్యాపారం చూడసాగారు. కాని అక్కడి అడవులలో వ్యాపారం కంటె పక్షులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో తిరిగివచ్చి వాణిజ్య విద్య అభ్యసిస్తూనే, ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో సెయింట్ జేవియర్ కళాశాలలోనే జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో తెహమీనాతో వివాహం జరిగింది. ఇంతా చేసి డిగ్రీ పట్టా మాత్రం చేతికి రాలేదు. ఆ పట్టా లేని కారణంగానే భారత ప్రభుత్వ జంతుశాస్త్ర పరిశోధన సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం ఆయనకు దక్కలేదు.

1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని కొలువు దొరికింది. రెండేళ్ళకే తన జ్ఞానం చాలదనిపించి సెలవు పెట్టి జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ స్ట్రెస్‌మాన్ వద్ద పని నేర్చుకున్నారు. చచ్చిన పక్షి చర్మాన్ని కొలిచి పేరు పెట్టడంతో శాస్త్రం పూర్తి కాదనీ, బ్రతికి ఉన్న పక్షి తన చోట తాను ఎలా జీవిస్తున్నదో చూడడమే అసలైన శాస్త్రమనీ ఆ గురువు వద్ద ఆయనకు రూఢి అయింది. కొండంత ఉత్సాహంతో 1930లో స్వదేశానికి తిరిగివస్తే, నిధులు లేవని ఆ ఉపన్యాసకుని పదవినే తొలగించారని తెలిసింది.

నేడు మన విద్యార్థులలో అనేకులు చదువు ముగించి ఉద్యోగానికై నిరీక్షించేవారే. కనుక ఈ ఘట్టాన్ని కాస్త నిదానంగా చెప్పదలచాము. ఉద్యోగం పోయింది. బొంబాయి నగరంలో అద్దె భారం. దంపతులిరువురూ సముద్రపు పాయకు ఆవలి తీరాన, అలీబాగ్ సమీపంలోని కిహీం అనే గ్రామంలో ఉన్న బంధువుల చిన్న ఇంటికి మకాం మార్చారు. అప్పుడు వర్షాకాలం. ఆ ఇంటి చేరువలోనే గిజిగాళ్ళు గూళ్ళల్లుతున్నాయి. చేతిలో పని లేని సలీం అలీ వాటిని చూస్తూ కూర్చున్నారు. ఊరక చూడలేదు. ఏ గూడు ఏనాడు మొదలయింది, ఎవరు అల్లుతున్నారు, ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, అన్నీ దినదినమూ కాగితం మీద పెట్టారు.

వేలాది సంవత్సరాలుగా ఈ దేశ ప్రజలు చూస్తున్న పిట్టలోనే ఎవరూ ఎరుగని సంసారం ఆ కాగితాల మీద తేలింది. గూడు అల్లేది మగపిట్ట ఒక్కటే. తాటాకు నుండి, వరి ఆకు నుండి, గడ్డి నుండి సన్నని పోచలను ముక్కుతో చీల్చి తెచ్చి టోపీ ఆకారం వరకు అల్లి ఆగుతుంది. అప్పుడు ఆడపిట్టలు గుంపుగా వచ్చి ఒక్కొక్క గూటిలోకి దూరి, లాగి, పీకి పరీక్షిస్తాయి. ఒక ఆడపిట్టకు గూడు నచ్చితే మగపిట్టకు ఆ గూటితో పాటు ఇల్లాలు కూడా లభించినట్లే. ఆ తరువాతనే అది మిగిలిన పని పూర్తి చేసి క్రిందికి పొడుగాటి గొట్టం వంటి ద్వారం అమరుస్తుంది. ఆడపిట్ట గ్రుడ్లు పెట్టి పొదగడానికి కూర్చోగానే మగపిట్ట ప్రక్కనే మరొక గూడు, మరొక సంసారం మొదలుపెడుతుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే ఆగిపోతుంది. మన విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇదే సమాధానం. సగంలో విడిచిన ఆ గూళ్ళన్నీ తిరస్కృతమైన పెండ్లి సంబంధాలు!

ఈ పరిశీలన 1931లో బొంబాయి సొసైటీ పత్రికలో వ్యాసంగా వెలువడి ఆయనకు శాస్త్రలోకంలో స్థానం కల్పించింది. దానికి ఆయన వెచ్చించినదల్లా ఒక ఋతువు, కొన్ని కాగితాలు, ఓపిక.

గిజిగాడు తన గూటిలో మిణుగురు పురుగును దీపంగా పెట్టుకుంటుందని మన పెద్దలు చెబుతారు. గూటి లోపలి గోడకు తడిమట్టి ముద్దలు అంటించే మాట వాస్తవమే. దీపం మాట మాత్రం పరిశీలనకు నిలువలేదు. అయినంత మాత్రాన కవుల భావనకు విలువ పోదు. సలీం అలీ కంటె ఒక్క ఏడాది ముందు, 1895లో, ఉమ్మడి గుంటూరు జిల్లా వినుకొండలో జన్మించిన కవికోకిల గుర్రం జాషువ ఈ గిజిగాని మీదనే చక్కని పద్యాలు చెప్పారు. ఒకే పిట్ట ఇటు మన జిల్లా కవికి ముడిసరుకైనది, అటు బొంబాయి శాస్త్రజ్ఞునికి పాఠమైనది. ఇరువురినీ కలిపి చదువుకునే అదృష్టం మన కళాశాల విద్యార్థులకు ఉన్నది.

గిజిగాని తరువాత సలీం అలీ చూపు దేశమంతటా ప్రసరించింది. స్వదేశీ సంస్థానాలకు ఆయన ఒక సూచన చేశారు. శిబిరపు ఖర్చులు భరిస్తే చాలు, జీతం పుచ్చుకోకుండా మీ రాజ్యంలోని పక్షులన్నింటి వివరాలు సేకరించి ఇస్తానన్నారు. ఈ పద్ధతిలో మొదటగా జరిగిన వాటిలో హైదరాబాదు సంస్థానపు పక్షి పరిశోధన ఒకటి. 1931-32లో ఆయన నిజాం రాజ్యంలో శిబిరాలు వేసుకొని తిరిగారు. అమ్రాబాద్ పీఠభూమిలోని మన్ననూరు, ఫరహాబాద్ అడవులు ఆ మజిలీలలోనివే. ఆ కొండలకు ఇవతల, కృష్ణానది దాటితే, మన పల్నాడూ మార్కాపురం ప్రాంతపు నల్లమలా వస్తాయి. పక్షులకు సంస్థానాల ఎల్లలు లేవు. ఆయన అక్కడ వ్రాసుకున్న పక్షులలో అనేకం మన కొండల అంచులలోనూ కనబడేవే.

ఆ శిబిర జీవితంలో తెహమీనా ఆయనకు తోడునీడ. ఇంగ్లండులో చదువుకున్న ఆమె నగరవాసపు సుఖాలను విడిచి గుడారాలలో కాపురం చేశారు. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం ఆమె అకస్మాత్తుగా మరణించారు. వారికి సంతానం లేదు. సలీం అలీ మరల వివాహం చేసుకొనలేదు. సోదరి ఇంట ఉంటూ మిగిలిన దాదాపు అర్ధశతాబ్దాన్ని పక్షులకే ధారపోశారు.

1941లో ఆయన భారతీయ పక్షులను గురించి సామాన్యులు సైతం చేత పట్టుకొని పొలానికి వెళ్ళదగిన సచిత్ర గ్రంథాన్ని ప్రకటించారు. స్వాతంత్ర్యానంతరం నిధుల లేమితో సొసైటీ మూతబడే దశకు చేరితే ప్రధాని నెహ్రూకు లేఖ వ్రాసి దానిని నిలబెట్టారు. అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షులన్నింటిని గురించి పది సంపుటాల మహాగ్రంథాన్ని 1968 నుండి 1974 వరకు వెలువరించారు. చివరి సంపుటం వచ్చేనాటికి ఆయన వయస్సు డెబ్బది ఏడు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడినేలలు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి నేడు నిలిచి ఉండడంలో ఆయన పలుకుబడి పాత్ర గణనీయం. మోటారు సైకిళ్ళంటే ఆయనకు అమితమైన మోజు. 1950లో స్వీడన్‌లో జరిగిన అంతర్జాతీయ పక్షిశాస్త్ర సభలకు వెళ్తూ తన సన్‌బీమ్ బండిని కూడా ఐరోపాకు తీసుకుపోయిన మనిషి!

పరీక్షలలో వెనుకబడిన ఈ విద్యార్థికి 1958లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, 1973లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు లభించాయి. బ్రిటిష్ పక్షిశాస్త్ర సంఘపు స్వర్ణపతకం బ్రిటిష్ జాతీయుడు కాని వ్యక్తికి మొదటిసారి దక్కినది 1967లో ఈయనకే. గెట్టీ బహుమతి ద్వారా వచ్చిన ధనాన్ని ప్రకృతి సంరక్షణ నిధికి మూలధనంగా ఇచ్చివేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆ ఏడే వెలువడిన ఆత్మకథకు చిన్ననాటి పిచ్చుక నేలకూలిన సంఘటననే పేరుగా పెట్టుకున్నారు.

తెలుగు నేలతో ముడిపడిన ఒక ఆనందం ఆయనకు జీవితపు చివరిలో లభించింది. కలివికోడి అనే పక్షిని 1848 ప్రాంతంలో జెర్డన్ అనే వైద్యుడు మన ప్రాంతపు చిట్టడవులలో గుర్తించి లోకానికి తెలిపాడు. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించినదనే అందరూ భావించారు. సలీం అలీ మార్గదర్శకత్వంలోని సొసైటీ పరిశోధకులు పల్లెపల్లె తిరిగి, వేటగాళ్ళకు బొమ్మలు చూపి విచారించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపాన ఆ పక్షి మరల కనిపించింది. అప్పటికి ఆయనకు ఎనుబది తొమ్మిదేళ్ళు. ఎనభై అయిదేళ్ళపాటు శాస్త్రజ్ఞులకు చిక్కని పక్షి స్థానిక వేటగాని ఎరుకలో మాత్రం ఉన్నది. అడగవలసిన వారిని అడిగినప్పుడే జవాబు దొరికింది.

1987 జూన్ 20న సలీం అలీ తమ తొంభయ్యవ ఏట బొంబాయిలో పరమపదించారు. ఆ సంవత్సరాన్ని మన జిల్లాలు మరువలేవు. అంతకు ముందు కొన్నేళ్ళుగా ప్రత్తి మీద తెల్లదోమ విరుచుకుపడుతున్నది. 1987-88 పంటకాలంలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగలేదు. వారానికి రెండేసి మార్లు, ఒక మందుతో మరొకటి కలిపి పిచికారీ చేసినా పురుగు చావలేదు. అప్పులు మాత్రం పెరిగాయి. పురుగును చంపని ఆ మందునే త్రాగి ఉమ్మడి ప్రకాశం, గుంటూరు జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కుటుంబాల పిల్లలు, మనుమలు నేడు మన తరగతి గదులలో కూర్చుని ఉన్నారు.

ఈ రెండు విషయాలను ఒకచోట చెప్పడం కాకతాళీయం కాదు. పక్షులు అందమైనవి కనుక కాపాడుమని మాత్రమే సలీం అలీ చెప్పలేదు. సేద్యానికి పక్షుల వలన కలిగే లాభాన్నీ నష్టాన్నీ రెంటినీ త్రాసులో వేసి చూడమన్నారు. గిజిగాడు గింజలు తినే మాట నిజమే. ఆ గిజిగాడే తన పిల్లలను గొంగళి పురుగులతో, మిడతలతో పెంచుతుంది. గోరింక, పసులపోలిగాడు, తెల్లకొంగ దినమంతా పురుగులను ఏరుతూనే ఉంటాయి. మందు కొట్టినప్పుడు పురుగుతో పాటు దానిని తినే సాలీడు, అక్షింతల పురుగు చస్తాయి. విషం తిన్న పురుగును మ్రింగిన పిట్టకూ క్షేమం లేదు. బలం గల పురుగు కొంత మిగిలి, మందుకు అలవాటుపడి, శత్రువు లేని పొలంలో మరల పెరుగుతుంది. పక్షి ఒక్కటే ఆనాటి ప్రత్తిని కాపాడి ఉండేదని మేము అనము. కాని పొలంలో జీతం లేకుండా పనిచేసేవారిని తరిమివేసి, అప్పు తెచ్చి విషం కొన్నామన్న మాట మాత్రం నిజం.

ఈ సత్యాన్ని వ్యవసాయశాఖ కూడా తరువాత గ్రహించింది. ప్రత్తిచేలలో పంట కంటె ఎత్తుగా కర్రలు పాతి, పైన అడ్డకర్ర కట్టే పక్షి స్థావరాలను మనం చూస్తుంటాము. వాటి మీద వ్రాలిన పసులపోలిగాడు క్రిందికి దూకి పురుగును పట్టి మరల అక్కడికే చేరుతుంది. ఖర్చు ఒక కర్ర మాత్రమే. అయినా 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు దిగినప్పుడు మన రైతు మరల మందుల దుకాణానికే పరుగెత్తవలసి వచ్చింది. పాఠం ఇంకా పూర్తి కాలేదు.

విద్యార్థి మిత్రులు ఈ పాఠాన్ని ఎక్కడ ప్రారంభించాలి? దానికి భరత్‌పూర్ పోనక్కరలేదు. సలీం అలీ కిహీంలో చేసిన పనినే మన పొలాలలో, ఋతువు మారుతుండగా, చేయవచ్చును. ఆరుద్ర కార్తెలో తొలివానకు తడినేల మీద ఎర్రని మఖమలు ముక్కల వలె ఆరుద్ర పురుగులు బయలుదేరుతాయి. వాటి తేదీ వ్రాసుకొనవచ్చును. ఆషాఢ శ్రావణాలలో కాకి తన గూటిలో పెరిగిన కోకిల పిల్లకు మేత పెట్టడం కంటబడుతుంది. శ్రావణ భాద్రపదాలలో గిజిగాని మగపిట్ట తల, రొమ్ము బంగారు వన్నెలో మెరుస్తాయి. శరత్తు ముదిరేకొద్దీ ఆ బంగారం వెలిసిపోయి అది ఆడపిచ్చుక వలె మారుతుంది. ఏ వారంలో ఆ మార్పు వచ్చిందో చెప్పగలవారు మనలో ఎందరు?

భాద్రపదం చివరికి తోక రెండుగా చీలిన వానకోవెలలు ఉత్తరాది నుండి వచ్చి కరెంటు తీగల మీద బారులు తీరుతాయి. గట్ల వెంబడి సన్నని తోకను క్షణం నిలుపక ఎగరవేస్తూ నడిచే చిన్నపిట్టలు హిమాలయాల ఆవలి నుండి వచ్చిన అతిథులు. ఆశ్వయుజంలో దసరానాటికి పాలపిట్ట తీగల మీద విరివిగా దర్శనమిస్తుంది. కార్తీకంలో ప్రత్తిచేల మీదుగా, మనిషి ఎత్తున, రెక్కలాడించకుండా తేలిపోయే సన్నని గద్దలు మధ్య ఆసియా గడ్డిమైదానాలవి. మిడతలు వాటికి ముఖ్యాహారం. గులాబీరంగు గోరింకల గుంపులు జొన్నచేల మీద మేఘాల వలె తిరుగుతాయి. గుంటూరు చేరువలోని ఉప్పలపాడు చెరువులలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లు వంగేటట్లు కొలువు తీరుతాయి. వాటిని తరిమివేయకుండా తమవిగా భావించి కాపాడుతున్న ఆ గ్రామస్థులు అభినందనీయులు. కాలికి అంకెలున్న చిన్న లోహపు కడియంతో ఏ పక్షి అయినా దొరికితే దానిని పారవేయరాదు. పక్షుల రాకపోకలు తెలుసుకొనడానికై సలీం అలీ కాలంలో సొసైటీ పెద్ద ఎత్తున చేపట్టిన పని అది. ఆ అంకెను తెలియపరచినవాడు కూడా శాస్త్రానికి సేవ చేసినవాడే.

మా స్వగ్రామానికి పోయే దారిలో మూడు తాటిచెట్లుండేవి. మా బాల్యంలో ప్రతి శ్రావణంలో వాటి నిండా గిజిగాని గూళ్ళు వ్రేలాడేవి. వాటిని మేము ఏనాడూ లెక్కపెట్టలేదు. ఎప్పుడూ ఉండేవే కదా అనుకున్నాము. కొన్నేళ్ళ క్రితం ఆ పొలం ఇళ్ళస్థలాలుగా మారి చెట్లు నేలకూలాయి. మరుసటి ఏడు వానలకు ఆ పిట్టలు అక్కడికే వచ్చి, చెట్లు లేనందున కరెంటు తీగకు గూళ్ళల్లాయి. ఒక పెనుగాలికి వాటిలో చాలా భాగం రాలిపోయాయి. ఆ పై ఏడు రెండు గూళ్ళు మాత్రమే చూశాము. మునుపు ఎన్ని ఉండేవని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా వద్ద ఒక్క అంకె కూడా లేదు. చదువుకున్నవారమై ఉండి కూడా ఆ చెట్టును మేము చదవలేదన్న బాధ మమ్మల్ని ఇంకా విడువలేదు.

కనుక కళాశాల కార్యవర్గం వారికి ఒక చిన్న మనవి. గ్రంథాలయంలో ఒక దుర్భిణి, ఒక రిజిస్టరు ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము. ఆవరణలోని చెట్లను కొట్టే ముందు వాటి మీద ఎవరు కాపురమున్నారో ఒకసారి చూడవలసిందిగా కూడా కోరుతున్నాము. ఆ రిజిస్టరులో ఉర్దూ విద్యార్థి బయా అని వ్రాయవచ్చును, తెలుగు విద్యార్థిని గిజిగాడు అని వ్రాయవచ్చును. తేదీ, చోటు, గూళ్ళ సంఖ్య సరిగా ఉంటే చాలును. గత భాద్రపదంలో మా విద్యార్థులు లెక్కించిన గూళ్ళు ఇరవై మూడు. అందులో పూర్తి అయినవి పద్నాలుగు, సగంలో ఆగినవి తొమ్మిది. మొదటి పంక్తిగా దానినే వ్రాయిస్తాము. రాబోయే శ్రావణంలో రెండవ పంక్తి వ్రాయడానికి ఎవరెవరు వస్తారో ముందుగా పేర్లు ఇవ్వగలరు.